కౌంటెస్ ఇడా: విలియం లాంగెస్పే తల్లి ఎవరో తేల్చిన కేసు

విలియం లాంగెస్పే ఇంగ్లండు రాజు రెండో హెన్రీకి పెళ్లికి బయట పుట్టిన కొడుకు. భార్య తరఫున సాలిస్‌బరీ ఎర్ల్ అయ్యాడు (ఎర్ల్ అంటే పెద్ద ప్రభువు హోదా, ఎర్ల్ భార్యను కౌంటెస్ అంటారు). 1226 మార్చి 7న చనిపోయాడు. అప్పటికి ఇంకా కట్టడం పూర్తికాని సాలిస్‌బరీ కేథడ్రల్లో మొట్టమొదట సమాధి చేసింది ఆయన్నే. తండ్రి ఎవరనే విషయంలో ఎవరికీ, ఎప్పుడూ అనుమానం లేదు. సమాధి మీది శిల్పంలో ఆయన డాలు మీద ఆరు సింహాలున్నాయి. హెన్రీ తండ్రి, ఆంజూ ప్రభువు జెఫ్రీ డాలు మీదా సింహాలే ఉండేవి. తండ్రి వైపు చుట్టరికాన్ని రాతిలో చెక్కి మరీ చాటుకున్నాడన్నమాట. తల్లి సంగతి మాత్రం శతాబ్దాల పాటు తప్పుగానే ప్రచారమైంది.

ఒక కుటుంబం వాళ్లు తమ వంశవృక్షాన్ని సరిచూడమని నాకు పంపారు. అందులో లాంగెస్పే తల్లి గడిలో రోజమండ్ క్లిఫర్డ్ అని ఉంది. ఇలాంటి చెట్లు నా దగ్గరికి చాలానే వస్తుంటాయి. లాంగెస్పే పిల్లల ద్వారా కిందికి దిగిన వంశాలు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ లెక్కలేనన్ని ఉన్నాయి. తల్లి గడిలో తప్పు పేరు పడితే ఆ పైనున్న తాతలు, ముత్తాతలు అందరూ తప్పే. అందుకే వాళ్లడిగిన మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ముందు దీన్నే తీసుకున్నాను. ఈ ప్రశ్నకు సరైన జవాబు కొత్తగా కనిపెట్టింది నేను కాదు. 2002 నాటికే వంశావళి పరిశోధకులు దీన్ని బాగా వెలికి తీశారు. నేను చేసిందల్లా ఒక్కో మెట్టునూ మళ్లీ ఎక్కి, ఏది ఎంత బరువు మోస్తుందో చూడడం. ఆ క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను.

రోజమండ్ ఎలా వచ్చి చేరింది

రోజమండ్ కల్పిత పాత్ర కాదు. హియర్‌ఫర్డ్‌షైర్ సరిహద్దు ప్రభువు వాల్టర్ క్లిఫర్డ్ కూతురు. 1173-74 తిరుగుబాటు సమయంలో హెన్రీ తన భార్య ఎలినార్‌ను నిర్బంధంలో పెట్టాడు, ఆ తర్వాత రోజమండ్‌తో సంబంధాన్ని దాచుకోలేదు. 1176 ప్రాంతంలో ఆమె చనిపోయింది. ఆక్స్‌ఫర్డ్ దగ్గర గాడ్‌స్టో సన్యాసినుల మఠంలో పాతిపెట్టారు. వాల్టర్ తన భార్య మార్గరెట్, కూతురు రోజమండ్‌ల ఆత్మశాంతి కోసం ఆ మఠానికి దానం ఇచ్చాడు. 1191లో లింకన్ బిషప్ హ్యూ ఆ మఠానికి వచ్చి, చర్చి లోపల ఆమె సమాధికి జరుగుతున్న మర్యాదలు చూసి, దాన్ని బయటికి తీయించాడు.

ఆమె గురించి ఆ కాలపు రాతల్లో దొరికే సంగతులు దాదాపు ఇంతే. ఆమెకు పిల్లలున్నారని ఆ కాలం వాళ్లెవరూ రాయలేదు. ఆ తర్వాత కథలు పెరిగాయి. వుడ్‌స్టాక్‌లో ఆమెను దాచడానికి రాజు పద్మవ్యూహం లాంటి కట్టడం కట్టించాడనీ, ఎలినార్ లోపలికి వెళ్లి విషం తాగించిందనీ చెప్పుకున్నారు. రోజమండ్ చనిపోయిన నాటికి ఎలినార్ కాపలాలో ఉంది. కదిలే స్వేచ్ఛే లేని మనిషి వుడ్‌స్టాక్ దాకా వెళ్లి విషం ఇచ్చే అవకాశం లేదు. అయినా కథ నిలిచింది. కథ నిలిచాక రాజుగారి అక్రమ సంతానంలో పేరున్నవాళ్లకు ఒక తల్లి కావాలి కాబట్టి ఇద్దరిని ఆమెకు అంటగట్టారు. ఒకరు లాంగెస్పే, ఇంకొకరు యార్క్ ఆర్చిబిషప్ అయిన జెఫ్రీ.

జెఫ్రీ విషయంలో ఈ కథ నిలవదు. 1173లోనే ఆయన్ని లింకన్ బిషప్ పదవికి ఎన్నుకున్నారు. అప్పటికి ఇరవై దాటిన యువకుడు. అంటే 1150ల మొదట్లో పుట్టినవాడు. తల్లి పేరు ఇకెనాయ్ అని, హెన్రీ ఆస్థానంలో పనిచేసిన వాల్టర్ మ్యాప్ రాశాడు. ఒకే కథ ఇద్దరు కొడుకుల్ని ఇస్తే, అందులో ఒకరు ఇంత తేలిగ్గా ఊడిపోయాక రెండోవాడి గురించి ఆ కథను సాక్ష్యంగా తీసుకోవడానికి నాకు చెయ్యి రాదు. అలాగని కాలం లెక్కతో రోజమండ్‌ను పూర్తిగా కొట్టేయలేం. లాంగెస్పే 1170ల మధ్యలో పుట్టి ఉంటే ఆమె తల్లి కావడానికి వయసు అడ్డురాదు. ఆమెను తప్పించాలంటే ఇంకొకరి పేరు పత్రంలో కనబడాలి.

తల్లి పేరు రాయాల్సిన అవసరం ఎవరికి ఉంది?

మధ్యయుగ ఇంగ్లండు వంశావళిలో దాదాపు ప్రతి చుట్టరికమూ భూమి వల్లే తెలుస్తుంది. ఫలానా మేనర్ (ప్రభువు చేతిలోని ఊరు, భూమి) తాత నుంచి తల్లికి, తల్లి నుంచి నాకు వచ్చింది అని కోర్టులో దావా వేస్తే మూడు తరాలు ఒక్క వాక్యంలో దొరుకుతాయి. భూస్వామి చనిపోతే వారసుడెవరు, వయసెంత అని రాజు మనుషులు విచారణ చేసే పద్ధతి తర్వాత కాలంలో స్థిరపడింది. ఆ కాగితాలు మాకు బంగారు గనులు. భర్త పోయిన స్త్రీకి మనోవర్తిగా ఎన్ని ఊళ్లు వచ్చాయో చూసి, ఆమె పుట్టింటిని పట్టుకోవచ్చు.

పెళ్లికి బయట పుట్టిన కొడుకుకు ఇవేవీ ఉండవు. ఇంగ్లండు చట్టం ప్రకారం అతను తండ్రికీ వారసుడు కాడు, తల్లికీ వారసుడు కాడు. తల్లి ఆస్తి కోసం దావా వేయలేడు కాబట్టి, ఏ కోర్టు రోల్ లోనూ ఫలానా ఆమె కొడుకునని చెప్పుకునే సందర్భమే రాదు. లాంగెస్పేకు లింకన్‌షైర్‌లోని ఆపిల్‌బీ 1188లో రాజు ఇచ్చిందే. సాలిస్‌బరీ ఎర్ల్ పదవి, విల్ట్‌షైర్ ఆస్తి 1196లో ఈలాతో పెళ్లి వల్ల వచ్చాయి. ఈలా రెండో ఎర్ల్ విలియంకు ఏకైక సంతానం, అప్పటికి చిన్నపిల్ల. మొత్తం ఆస్తి రాజు నుంచీ భార్య నుంచీ వచ్చింది. తల్లి నుంచి సెంటు భూమి కూడా లేదు. ఇన్నాళ్లూ తల్లి కనబడకపోవడానికి అసలు కారణం ఇదే. ఆమెను ఎవరో దాచారని అనుకోనక్కర్లేదు. భూమి కాగితాలు ఆమెను అడిగే పని పడలేదు, అంతే.

మరి ఏ కాగితం అడుగుతుంది? మఠానికి ఇచ్చే దానపత్రం. మన గుడి శాసనాల్లో తల్లిదండ్రులకు పుణ్యంగా ఇన్ని మర్తుర్ల భూమి ఇచ్చామని చెక్కించినట్టే, అక్కడ కూడా దాత తన ఆత్మ కోసం, తండ్రి, తల్లి, భార్య, బిడ్డల ఆత్మల కోసం అని పేర్లతో రాయించేవాడు. దానికి వారసత్వ హక్కుతో పని లేదు. సన్యాసులు ఎవరి కోసం ప్రార్థించాలో తెలియాలి కాబట్టి పేరు కావాలి. అక్రమ సంతానమైనా తల్లి తల్లే. కాబట్టి లాంగెస్పే ఇచ్చిన దానపత్రాలన్నీ ఒక్కొక్కటిగా చూడాలి, ముఖ్యంగా ఆయన అత్తింటివాళ్ల మఠాలవి.

బ్రాడెన్‌స్టోక్ పత్రాలు

బ్రాడెన్‌స్టోక్ ప్రయరీ విల్ట్‌షైర్‌లోని అగస్టీనియన్ మఠం. 1142లో దాన్ని స్థాపించింది వాల్టర్ ఆఫ్ సాలిస్‌బరీ, అంటే ఈలాకు ముత్తాత. ఆ కుటుంబపు దానాలన్నీ తరతరాలుగా అక్కడికే వెళ్లాయి. మఠం వాళ్లు తమకొచ్చిన పత్రాలన్నీ ఒక పుస్తకంలోకి నకలు రాసుకున్నారు. అలాంటి నకళ్ల పుస్తకాన్ని కార్ట్యులరీ అంటారు. విల్ట్‌షైర్ రికార్డ్ సొసైటీ 1979లో దాన్ని సంపాదకీయంతో అచ్చు వేసింది.

అందులో లాంగెస్పే పత్రాల్లో ఆయన మాటగానే "కౌంటెస్ ఇడా, నా తల్లి" అని ఉంది. ఒక్క చోట కాదు, ఒకటికి మించిన పత్రంలో ఉంది.

ఈ ఒక్క వాక్యం చదివి సంబరపడిపోకూడదు. కార్ట్యులరీ అసలు పత్రం కాదు, నకలు. నకలు రాసేవాడు పేరు తప్పుగా చదవొచ్చు, వరస మార్చొచ్చు, మఠానికి లాభమైతే వాక్యం కలపనూ వచ్చు. కాబట్టి నేను వేసుకున్న ప్రశ్నలు ఇవి. పేరు తప్పు చదివి ఉంటారా? వేరువేరు పత్రాల్లో అదే పేరు, అదే బిరుదు వచ్చింది కాబట్టి ఆ అవకాశం చాలా తక్కువ. మఠం కావాలని కల్పించిందా? ఇడా అనే స్త్రీ తల్లి అయితే మఠానికి ఒరిగేదేమీ లేదు. ఆ పేరు మీద ఏ భూమి హక్కూ నిలబడదు. కల్పించాలనుకుంటే ఇంకా గొప్ప పేరే పెట్టేవాళ్లు. తల్లి అన్నది అత్తగారి గురించా? ఈలా తల్లి ఎలియనోర్ ద విత్రే, ఆ పేరు ఇడా కాదు. సవతి తల్లి గురించా? హెన్రీ భార్య ఎలినార్ రాణి, ఆమెను ఎవరూ కౌంటెస్ ఇడా అనరు. దాత స్వయంగా, తన తల్లి గురించి, ప్రార్థన కోసం రాయించిన మాటగా దీన్ని తీసుకోక తప్పదు. కొడుకు మాటను మించిన సాక్ష్యం ఈ ప్రశ్నకు దొరకదు.

ఇక్కడితో రోజమండ్ పేరు తీసేశాను. ఆ తర్వాతి మెట్టు ఏది ఎక్కినా ఎక్కకపోయినా, లాంగెస్పే తల్లి పేరు ఇడా, ఆమె ఒక ఎర్ల్ భార్య. ఇంతవరకు నిశ్చయం.

ఏ కౌంటెస్?

ఇంగ్లండులో ఆ కాలంలో ఎర్ల్ పదవులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి. 1180 నుంచి 1226 దాకా ఒక్కో ఎర్ల్ భార్య పేరు రాసుకుంటూ పోతే ఇడా అనే పేరుతో సరిపోయే స్త్రీ ఒక్కరే తగులుతారు. నార్ఫక్ ఎర్ల్ రోజర్ బిగాడ్ భార్య. ఫ్రాన్స్, ఫ్లాండర్స్ వైపు ఇడా పేరున్న కౌంటెస్‌లు ఉన్నారు, బులోన్ కౌంటెస్ ఇడా వాళ్లలో ప్రసిద్ధురాలు. కానీ ఆమె పెళ్లిళ్లు, పిల్లలు, ఆస్తి గొడవలు అన్నీ బాగా తెలిసిన చరిత్ర. అందులో హెన్రీ కొడుకుకు చోటు లేదు.

పేరు కలిసినంత మాత్రాన మనిషి ఒకరే అనడం మా పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు. రోజర్ బిగాడ్ ఇంటికీ లాంగెస్పేకూ మధ్య రక్తసంబంధం ఉందని వేరే దారిలో రుజువు కావాలి. అది ఇంగ్లండు దస్తావేజుల్లోంచి కాకుండా ఫ్రెంచి వైపు నుంచి వచ్చింది.

1214 జులై 27న ఫ్లాండర్స్‌లోని బువీన్ దగ్గర ఫ్రెంచి రాజు ఫిలిప్ అగస్టస్ సైన్యానికీ, జర్మన్ చక్రవర్తి ఓటో కూటమికీ పెద్ద యుద్ధం జరిగింది. ఇంగ్లండు రాజు జాన్ తరఫున అక్కడ సైన్యాన్ని నడిపింది లాంగెస్పే, జాన్‌కు తమ్ముడి వరస. యుద్ధంలో బోవే బిషప్ ఫిలిప్ గద పెట్టి ఆయన్ని కింద పడేశాడు. పట్టుబడ్డాడు. ఆ తర్వాత, జాన్ చేతికి చిక్కిన ద్రూ కౌంట్ కొడుకు రాబర్ట్‌కు బదులుగా విడుదలయ్యాడు. ఫ్రెంచి వాళ్లు పట్టుబడ్డవాళ్ల పేర్ల జాబితా రాశారు. అందులో రాల్ఫ్ బిగాడ్ అనే ఒక యోధుడి పేరు ఉంది. పక్కనే గుర్తుగా "సాలిస్‌బరీ ఎర్ల్ సోదరుడు" అని ఉంది.

ఈ జాబితా ఎప్పటినుంచో అచ్చులో ఉంది. లాంగెస్పే తల్లి రోజమండ్ అనుకున్నంత కాలం ఈ మాటకు అర్థం లేదు, గుమాస్తా పొరపాటని వదిలేయాల్సి వచ్చేది. బ్రాడెన్‌స్టోక్ పత్రాలు పక్కన పెట్టి చదవగానే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రాల్ఫ్ బిగాడ్ నార్ఫక్ ఎర్ల్ రోజర్, ఇడాల చిన్న కొడుకుల్లో ఒకడు. లాంగెస్పే అదే ఇడా కొడుకైతే, ఇద్దరూ ఒక తల్లి బిడ్డలు. తండ్రులు వేరు. సోదరుడు అంటే బావమరిది అన్న అర్థంలో వాడారేమోనని కూడా చూశాను. ఈలాకు అన్నదమ్ములు లేరు, ఉంటే ఆమె వారసురాలయ్యేదే కాదు. ఆ అర్థం కుదరదు.

నన్ను ఈ కేసులో ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ కలయికే. ఒక సాక్ష్యం విల్ట్‌షైర్ మఠంలో ప్రార్థనల కోసం రాసింది. ఇంకొకటి శత్రు శిబిరంలో బందీల లెక్క కోసం రాసింది. ఒకరిని చూసి ఇంకొకరు రాసే వీలే లేదు. ఇద్దరికీ వంశావళి రాయాలన్న ఉద్దేశం లేదు. ఫ్రెంచి గుమాస్తాకు ఆ మాట ఎవరు చెప్పి ఉంటారు? బహుశా బందీలే. నేను ఎర్ల్ గారి తమ్ముణ్ణి అని చెప్పుకుంటే విడుదల బేరంలో విలువ పెరుగుతుంది, మర్యాదా దక్కుతుంది. అంటే తల్లి వైపు చుట్టరికం ఆ ఇళ్లలో అందరికీ తెలిసిందే, సిగ్గుపడి దాచుకున్నది కాదు. ఈ సంగతి మరిచిపోయింది తర్వాతి తరాలవాళ్లే.

తోడుగా ఇంకో రెండు సంగతులు. లాంగెస్పే కూతుళ్లలో ఇడా అనే పేరుంది, రోజమండ్ లేదు. అలాగే 1225లో నార్ఫక్ ఎర్ల్ హ్యూ బిగాడ్, ఇడా పెద్ద కొడుకు, చనిపోయినప్పుడు మైనర్ అయిన అతని వారసుడి సంరక్షణ లాంగెస్పే చేతికి వచ్చింది. ఒకే తల్లి కొడుకులైతే ఆ పిల్లాడికి లాంగెస్పే పెదనాన్న అవుతాడు. వినడానికి బాగుంది. కానీ మైనర్ల సంరక్షణ ఆ రోజుల్లో డబ్బుకు కొనేవారు, అమ్మేవారు, రాజు మెప్పు కోసం ఇచ్చేవారు. చుట్టరికం లేనివాళ్లకూ దక్కేది. అందుకే రిపోర్టులో దీన్ని రుజువుగా లెక్కించలేదు, కథకు అడ్డు రాని సంగతిగా మాత్రమే రాశాను.

ఇడా పుట్టిల్లు

ఇక్కడి నుంచి నేల కాస్త మెత్తబడుతుంది.

రోజర్ బిగాడ్ తండ్రి హ్యూ 1173-74 తిరుగుబాటులో రాజుకు ఎదురు తిరిగినవాడు. 1177 నాటికి చనిపోయాడు. రోజర్‌కు సవతి తల్లి గుండ్రెడా, ఆమె కొడుకులతో ఆస్తి తగాదా నడిచింది. హెన్రీ ఆ తగాదాను తేల్చకుండా నానబెట్టాడు. ఎర్ల్ పదవి కూడా ఇవ్వలేదు. అది హెన్రీ పోయాక, 1189లో రిచర్డ్ రాజు ఇచ్చాడు. ఈ మధ్యలో, 1181 క్రిస్మస్ ప్రాంతంలో రాజు రోజర్‌కు ఇడాను ఇచ్చి పెళ్లి చేశాడు. పెళ్లితో పాటు నార్ఫక్‌లోని ఆక్లే, హాల్వర్‌గేట్, సౌత్ వాల్షమ్ మేనర్లు ఇచ్చాడు. ఇవి హ్యూ చనిపోయాక రాజు పట్టుకున్న బిగాడ్ ఊళ్లే. అంటే రోజర్ సొంత ఆస్తిలోంచి మూడు ముక్కలు పెళ్లి కానుకగా తిరిగి వచ్చాయి. ఈ ఊళ్ల చరిత్ర వెంట పోతేనే ఇడా ఇంటిపేరు దొరికింది, ఇడా ద తోస్నీ. ముందు చెప్పినట్టు, మళ్లీ భూమే మాట్లాడింది. లాంగెస్పే వైపు భూమి కాగితాలు నోరు విప్పలేదు. ఆమె ధర్మంగా పెళ్లాడిన ఇంటి వైపు విప్పాయి.

తోస్నీలు నార్మండీ నుంచి వచ్చిన పెద్ద కుటుంబం. వాళ్లలో ఏ శాఖ? అయిదో రాల్ఫ్ ద తోస్నీ 1162లో చనిపోయాడు. భార్య మార్గరెట్ లెస్టర్ ఎర్ల్ రాబర్ట్ కూతురు. వారసుడు మైనర్, కాబట్టి పిల్లల మీద రాజుకు సంరక్షణ హక్కు. రాల్ఫ్ తండ్రి రోజర్, ఎయినో (ఇప్పటి బెల్జియం ప్రాంతం) కౌంట్ మూడో బోడ్విన్ కూతుర్ని పెళ్లి చేసుకున్నాడు. ఆమె పేరు ఇడా. నార్మన్ ఇళ్లలో మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టడం మామూలే. ఇంగ్లండులో ఇడా అంత తరచుగా వినిపించే పేరు కాదు, తోస్నీ ఇంట్లోకి ఆ పేరు ఎయినో నుంచే వచ్చిందని చెప్పొచ్చు. కాలం, సంరక్షణ, పేరు, మూడూ రాల్ఫ్, మార్గరెట్‌ల కూతురి వైపే చూపిస్తాయి. అయినా ఇడా ఫలానా రాల్ఫ్ కూతురని సూటిగా చెప్పే పత్రం మీద ఈ మెట్టు నిలబడి లేదు. పరిస్థితులన్నీ కలిపి కట్టిన మెట్టు ఇది.

కాలం లెక్క చూద్దాం. తండ్రి 1162లో పోయాడు కాబట్టి ఇడా ఆలస్యంగా పుట్టిందనుకున్నా 1163 దాటదు. 1181 చివర్లో పెళ్లి. లాంగెస్పే ఆ పెళ్లికి ముందే పుట్టాలి, లేకపోతే చట్టప్రకారం బిగాడ్ కొడుకయ్యేవాడు. 1188కి అతని పేరు మీద ఊరుంది, 1196లో పెళ్లి, 1199లో విల్ట్‌షైర్ షెరిఫ్. కాబట్టి 1170ల రెండో సగంలో పుట్టాడనుకుంటే ఏదీ అడ్డం రాదు. ఎలినార్ కాపలాలో ఉన్న కాలం అది. రోజమండ్ చావు కూడా ఆ కాలంలోనే.

ఇది రాస్తున్నప్పుడు ఒక సంగతి మనసులోంచి పోదు. తండ్రి లేని పిల్ల, చట్టప్రకారం రాజు సంరక్షణలో ఉన్న పిల్ల. ఆ రాజుకే కొడుకును కన్నది. ఆ తర్వాత అదే రాజు ఆమెను, తనకు లొంగి ఉండాల్సిన ప్రభువుకు మూడు ఊళ్లతో కలిపి ఇచ్చాడు. ఆమె ఇష్టాన్ని ఏ పత్రమూ అడగలేదు. ఆ తర్వాత ఆమె నార్ఫక్ కౌంటెస్ అయింది, అరడజను మంది పిల్లల్ని పెంచింది. రాజుకు కన్న కొడుకు పెద్దవాడై, తన దానపత్రంలో ఆమెను పూర్తి బిరుదుతో తల్లి అని రాయించాడు. వంశావళి రాసేవాళ్లం ఇలాంటి స్త్రీల పేర్ల పక్కన 'ఉంపుడుగత్తె' అని రాసి ముందుకు పోతుంటాం. నా రిపోర్టులో ఆ మాట వాడలేదు. నార్ఫక్ కౌంటెస్ ఇడా ద తోస్నీ, రాజు సంరక్షణలో ఉన్న బాలిక అని రాశాను. అదే నిజానికి దగ్గర.

చెట్టులో ఏం మార్చాం

ఆ కుటుంబానికి ఇచ్చిన రిపోర్టులో ఒక్కో మెట్టు పక్కన దాని బలం రాశాను. లాంగెస్పే తల్లి కౌంటెస్ ఇడా, ఇది నిశ్చయం. ఆ ఇడా రోజర్ బిగాడ్ భార్యే, రెండు వేరువేరు సాక్ష్యాలున్నాయి కాబట్టి అనుమానించడానికి కారణం లేదు. ఆమె తోస్నీ ఆడపడుచు, గట్టి ఆధారం ఉంది. రాల్ఫ్, మార్గరెట్‌ల కూతురు, చాలావరకు నమ్మొచ్చు, కానీ గడిలో ప్రశ్నార్థకం ఉంచాలి. నాలుగు మెట్లకూ ఒకే రంగు వేసి చెట్టు అచ్చేసుకుంటే రేపు ఎవరైనా చివరి మెట్టును లాగినప్పుడు మొత్తం కూలిందనుకుంటారు. అలా కూలదు. చివరి మెట్టు పోయినా మొదటి మూడూ అలాగే ఉంటాయి.

క్లిఫర్డ్ వైపు కొమ్మ మొత్తం తీసేశాం. అందులో ఒక చిన్న వింత ఉంది. రోజమండ్ తల్లి మార్గరెట్‌ను కూడా సాధారణంగా తోస్నీ ఇంటి ఆడపడుచుగానే చెబుతారు. క్లిఫర్డ్ కోట 1086లో రాజు చేయించిన భూముల లెక్క, డూమ్స్‌డే సర్వే నాటికి, అదే పేరున్న పాత తరం రాల్ఫ్ ద తోస్నీ చేతిలో ఉంది. ఈ పాత చెట్టులో తోస్నీ అనే పేరు ముందే ఉండడంతో ఆ కుటుంబం వాళ్లు పెద్దగా మారిందేమీ లేదేమో అనుకున్నారు. మారింది. తోస్నీ రక్తం వేరే తరంలో, వేరే దారిలో వస్తోంది. మధ్యలో ఉన్న వాల్టర్ క్లిఫర్డ్, అతని పూర్వీకులు ఈ చెట్టులో ఎవరూ కారు.

వాటి స్థానంలో వచ్చిన కొమ్మ చాలా పెద్దది. ఇడా తల్లి మార్గరెట్‌కు తండ్రి, లెస్టర్ ఎర్ల్ రాబర్ట్ బోమాంట్ హెన్రీకి ముఖ్య న్యాయాధికారిగా పనిచేసి 1168లో చనిపోయాడు. రాబర్ట్ తల్లి ఎలిజబెత్ ఆఫ్ వెర్మాండ్వా. ఆమె తండ్రి హ్యూ ఫ్రెంచి రాజు మొదటి హెన్రీ కొడుకు. ఆ లెక్కన లాంగెస్పే తల్లి వైపు నుంచి కూడా రాజవంశానికే చేరతాడు. ఇడాకు నాయనమ్మ అయిన పెద్ద ఇడా వైపు ఎయినో కౌంట్‌ల వంశం. ఈ పై భాగమంతా నాలుగో మెట్టు మీద ఆధారపడి ఉంది కాబట్టి చుక్కల గీతతోనే గీశాను.

పక్కకు కూడా చెట్టు పెరిగింది. లాంగెస్పేకు ఒకే తల్లి కడుపున పుట్టిన తమ్ముళ్లు, చెల్లెళ్లు వచ్చారు. వాళ్లలో పెద్దవాడు హ్యూ బిగాడ్, విలియం మార్షల్ కూతురు మాడ్‌ను పెళ్లి చేసుకున్నవాడు. ఆ విలియం మార్షల్ తల్లి సిబిల్, ఈలా తాత ప్యాట్రిక్‌కు తోబుట్టువు. అంటే అన్నదమ్ములిద్దరూ రెండు దారుల్లో ఒకే సాలిస్‌బరీ ఇంటి చుట్టరికంలోకి వెళ్లారు. ఈ రెండు వంశాల వాళ్లూ తర్వాతి తరాల్లో దూరపు సంబంధాలతో కలిసిపోయారు. మాకు పంపిన చెట్టులో కూడా ఒక కొమ్మ హ్యూ బిగాడ్ దాకా వెళ్తోంది. దాన్ని పాత చెట్టులో లాంగెస్పేతో సంబంధం లేని వేరే కొమ్మగా గీసుకున్నారు. ఇప్పుడు ఆ రెండు కొమ్మలూ ఇడా దగ్గర కలుస్తాయి. ఆమెకు వేసిన రెండు గడులనూ ఒకే నంబరుతో కలిపి, చెట్టును తిరిగి పంపించాను.